గడ్డి పలచబడిన బీడుకు క్లోవర్

మేత బీడులో గడ్డి పలచబడి మట్టి కనిపిస్తుంటే మొత్తం దున్ని మళ్లీ విత్తాలనుకునేవాణ్ని. అక్కర్లేదు. క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్క విత్తనం పైన చల్లితే చాలు. ముందు పశువులతో గడ్డిని నేలబారుగా మేపించాలి. ఎకరాకు కిలో తెల్ల క్లోవర్ విత్తనానికి క్లోవర్‌కు సరిపడే రైజోబియం (వేళ్లలో నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) పట్టించి, నాలుగైదు రెట్లు పొడి ఇసుకలో కలిపి, వాన వచ్చే ముందు చల్లాలి. ఇసుక తప్పనిసరి. గింజ ఆవాల కన్నా సన్నం, ఉత్తగా చల్లితే ఒకేచోట పడుతుంది. ఒకరోజు పశువులను తిప్పితే గిట్టలే విత్తనాన్ని మట్టిలో అదుముతాయి. సెంటీమీటరు దాటి లోతుకు పోతే మొలవడం కష్టం. మొలకలు వేళ్లూనేదాకా మేపు ఆపండి. యూరియా వద్దు, గడ్డి ఏపుగా పెరిగి మొలకలను కమ్మేస్తుంది. క్లోవర్ వేళ్ల బుడిపెలే గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి.

నేల పీహెచ్ 5.5 కన్నా తక్కువుంటే, అంటే నేలలో ఆమ్లగుణం ఎక్కువుంటే మాత్రం విత్తనం వృథా. ముందు సున్నం వేయాలి.