థియేటర్ పీజీకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీఏ (ప్రదర్శన కళల పీజీ) థియేటర్ ఆర్ట్స్ చేయాలనుకునే పిల్లల కోసం ఇది.

• సీయూఈటీ పీజీ (పీజీ సీట్ల కోసం జాతీయ ప్రవేశ పరీక్ష) రాస్తే పనైపోదు. యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా దరఖాస్తు చేయాలి. అది మరిచిపోతే మంచి మార్కులొచ్చినా ఏడాది పోయినట్టే.

• ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, తాజా తేదీతో ఉండాలి. మన మీసేవలో మామూలుగా ఇచ్చే కుల ధ్రువపత్రం అక్కడ చెల్లదు. ముందే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి.

• ఆడిషన్‌కు పెద్ద డైలాగు బట్టీ పట్టకండి. రెండు నిమిషాల ముక్క చాలు, కానీ ఆ మనిషి ఎవరితో, ఎందుకు మాట్లాడుతున్నాడో మీకు తెలిసుండాలి. ఆడిషన్ చూసేవాళ్లు మధ్యలో ఆపి 'ఇదే కోపం లేకుండా చెప్పు' అనవచ్చు. ఒకే బాణీలో నేర్చుకున్నవాళ్లు అక్కడే బిగుసుకుపోతారు. పద్యనాటకం నుంచి వచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం: మీ రాగం మీకు ఆస్తి, దాచుకోకండి, కానీ వచనం కూడా సిద్ధం చేసుకోండి.

• ఆడిన నాటకాల కరపత్రాలు, ఫొటోలు తేదీలతో ఫైల్‌లో పెట్టుకోండి. అనుభవం గురించి అడిగితే మాటకు ఆధారం ఉంటుంది.

• వదులు బట్టలు వేసుకోండి. నేల మీద కదలమంటారు.

• ముందురోజు గొంతు చించుకుని రిహార్సల్ వద్దు.