పాత కంప్యూటర్ కొనే ముందు ప్రాసెసర్ ఫ్లాగ్‌లు చూసుకోండి

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో పాత కంప్యూటర్ చవకగా కొని ఇంట్లో సర్వర్‌గా వాడుకోదలచినవారు, బేరానికి దిగే ముందే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో దాన్ని బూట్ చేసి, టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌సీపీయూ’ (lscpu) కమాండ్ ఇచ్చి చూడటం మంచిది. ప్రాసెసర్‌కు ఏయే సామర్థ్యాలు ఉన్నాయో చెప్పే ఫ్లాగ్‌ల వరుసలో ‘ఏవీఎక్స్’ (avx, ఒకేసారి ఎక్కువ అంకెలపై లెక్కలు చేసే ఆదేశాల సమితి) కనిపించకపోతే, అది 64 బిట్ ప్రాసెసరే అయినా, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాంగోడీబీ 5.0, ఆ పై వెర్షన్ల ప్యాకేజీలు ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ ఆగిపోతాయి, మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ టెన్సర్‌ఫ్లోది 1.6 వెర్షన్ నుంచీ ఇదే తంతు. ఇంటెల్ ఏవీఎక్స్‌ను 2011లో శాండీ బ్రిడ్జ్‌తో తెచ్చినా, ఆ తరువాతి సెలెరాన్, పెంటియం చిప్‌లు చాలావాటిలో అది లేదు కనుక, దుకాణదారు చెప్పే మోడల్ సంవత్సరాన్ని బట్టి నిర్ణయించుకోకూడదు.

ఇప్పటికే కొన్నవారు మాంగోడీబీ 4.4తో సరిపెట్టుకోవచ్చు గానీ, దానికి 2024 ఫిబ్రవరితోనే సపోర్ట్ ముగిసింది కాబట్టి, ఇంటి నెట్‌వర్క్ దాటనివ్వవద్దు. ఏవీఎక్స్ అవసరం లేకుండా సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకోవాలంటే ఆ పని వేగమైన మరో యంత్రంపై చేయడం మేలు. సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పొట్లంలో నడిపే డాకర్‌లో పెడితే సరిపోతుందనుకోవడం మాత్రం అపోహ. కంటైనర్ కూడా అదే ప్రాసెసర్‌పై నడుస్తుంది. ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ ఉండి, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో) మాత్రమే కనిపించకపోతే, దాని సీపీయూ రకాన్ని ‘హోస్ట్’గా మార్చి, మెషీన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి.