పోర్క్ తోలు కరకరలాడాలంటే

సికాకుళం సైడు ఇంట్లో పోర్క్ ఒండుకునేవాళ్ళకి ఒక్క మాట, తోలు కరకరలాడాలంటే మసాలా కాదండీ ముఖ్యం, తడి లేకపోడం. పొట్ట దగ్గర తోలుతో ఉన్న కిలో ముక్క ఒక్కటిగానే కోయించి తెచ్చుకోండి, తోలు మీద సూదితో దగ్గర దగ్గరగా పొడవండి, కొవ్వు దాకా చాలు, మాంసంలోకి దిగితే రసం పైకొచ్చి తోలు మెత్తబడిపోద్ది. గుడ్డతో ఒత్తి తుడిచి ఉప్పు రాసి మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి, మనది సముద్రం గాలి కదా, బయట పెడితే ఆరదు సరికదా పాడైపోద్ది. కారం, అల్లంవెల్లుల్లి కింద మాంసానికే, తోలుకి అంటితే మాడిపోద్ది. పొద్దున్న ఉప్పు దులిపేసి ఒవెన్‌లో 160 డిగ్రీల మీద గంటన్నర, ఆఖర్న 220కి పెంచి తోలు బుడగలు లేచేదాకా దగ్గరే ఉండి చూసుకోండి, 20 నిమిషాలు పట్టొచ్చు. కోసేటప్పుడు తోలు కిందకి తిప్పి కోయండి.