అప్పు తీసుకోకముందే వాయిదా కట్టి చూడండి

పెళ్లయిన కొత్తలో ఉప్పల్‌లో మా అద్దె 9,000. ఫ్లాటు కొనాలనుకున్నప్పుడు ముందు కాగితం మీద లెక్క వేశాం. 20 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు: నెల వాయిదా సుమారు 17,400. అద్దె పోగా మిగతా 8,400 ఆరు నెలలు ఆర్డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేశాం. మూడో నెల మా ఆయనకు టైఫాయిడ్ వచ్చింది, ఆ నెల వెయ్యలేకపోయాం. 16 లక్షలకు మించి మోయలేమని అప్పుడే తెలిసింది. దాని వాయిదా 13,900. మీరూ ఇలా చేసి చూడండి, ఆ ఆర్డీ డబ్బు రిజిస్ట్రేషన్‌కు పనికొస్తుంది. తెలంగాణలో విలువ మీద 7.5 శాతం అవుతుంది, చాలామంది దీన్నే మర్చిపోతారు.

పాత ఫ్లాటయితే ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీలు చూపే పత్రం) తీయించి తాకట్టు ఉందేమో చూడండి. కొత్తదయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి.

ఏడాది ఆదాయం 9 లక్షల లోపయితే పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) పట్టణ 2.0 వడ్డీ రాయితీ గురించి బ్యాంకులో అడగండి. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటకూడదు. గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు విడతల్లో వస్తుంది. ఇది సొంత పక్కా ఇల్లు లేని కుటుంబాలకే, అయినా ఊళ్లో అత్తమామల పేరున ఇల్లుందని వెనక్కి తగ్గొద్దు. ఈ పథకంలో కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలే.