తిండి లేని నిద్ర, 3వ పాఠం: మెలకువకే ఖర్చెక్కువ

గ్రాము కొవ్వుకి 9 కిలోకాలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4 అని పోయిన పాఠంలో రాసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఒక జంతువు ఏమీ తినకుండా చలికాలం గట్టెక్కుతుందో లేదో ఇవాళ మనమే లెక్క కడదాం.

ఉత్తర అమెరికాలో ఉండే నేల ఉడుతని తీసుకుందాం. అంకెలు సులువు కోసం నేను వేసుకున్నవే: బరువు 200 గ్రాములు, అందులో కొవ్వు 60. అంటే గాదెలో 540 కిలోకాలరీలు ఉన్నట్టు. మేలుకుని తిరిగితే రోజుకి 30 చొప్పున 18 రోజుల్లో అయిపోతుంది. అదే నిద్రలో అయితే గుండె నెమ్మదించి, ఒళ్లు చల్లబడి (ఆర్కిటిక్ నేల ఉడుత ఒళ్లు సున్నా కంటే 2 డిగ్రీలు కిందికి దిగినా రక్తం గడ్డకట్టదు, ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే) రోజు ఖర్చు 0.6కి పడిపోయిందనుకోండి. 540ని 0.6తో భాగిస్తే 900 రోజులు!

ఇక్కడ ఆగిపోతే లెక్క తప్పినట్టే. ఎందుకంటే అది ఏకబిగిన పడుకోదు. రెండు వారాలకోసారి లేస్తుందనుకుందాం. లేచినప్పుడల్లా మెడ, భుజాల దగ్గరున్న గోధుమరంగు కొవ్వుని మండించి, వణికి, ఒంటిని మళ్లీ 37 డిగ్రీలకి తెచ్చుకోవాలి. ఒక్కో మెలకువకి 25 వేయండి. ఆరు నెలల్లో 12 సార్లకి 300, నిద్రకి 180 × 0.6 = 108. మొత్తం 408. నిజం జంతువుల్లో కూడా ఇంతే, ఖర్చులో సింహభాగం మెలకువలదే.

ఇక మన వైపు చూడండి. వేసవిలో కాలువలు కట్టేశాక చేలు నెర్రెలు తీస్తాయి. గట్టు పక్క ఎండిన మట్టి పెళ్ల తీస్తే నత్త కనిపిస్తుంది, మూత ఎంత బిగించుకుని ఉంటుందంటే గోరు కూడా దూరదు. చిన్నప్పుడు ఒకటి చచ్చిపోయిందనుకుని నీళ్ల పళ్లెంలో పడేశాను. కాసేపటికి మూత పక్కకి జరిగి మెత్తటి పాదం బయటికొచ్చింది. దీనికి ఒళ్లు వేడిచేసుకునే ఖర్చు లేదు. కానీ చల్లదనం సాయం కూడా లేదు: ఇలాంటి జీవుల్లో వేడి 10 డిగ్రీలు పెరిగితే ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. కాబట్టి వేడి మట్టిలో ఉంటూనే లోపలి మంట తనే తగ్గించుకోవాలి. అది ఎలాగో నాలుగో పాఠంలో, కప్పతో కలిపి చూద్దాం.

ఈలోగా అభ్యాసం: ఉడుత లెక్కలో 12 మెలకువల్ని 20 చేయండి. కొవ్వు ఎన్నో రోజుకి అయిపోతుందో రాసి పెట్టుకోండి.