యాప్ కంటే ముందు గల్లాపెట్టె పక్కన ఒక నెల

విశాఖపట్నంలో చిన్న దుకాణాల సరుకు ఇళ్లకు చేర్చే యాప్ నడుపుతున్నాను. విదేశీ సంస్థల ముందు మనం నిలబడగలమా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. నిలబడగలం. అయితే మన ఊరివాడని ఎవరూ జాలిపడి కొనరు, ఊరి పద్ధతి తెలిసి ఉండాలి.

ముందుగా డబ్బు ఎలా చేతులు మారుతుందో చూడండి. గాజువాకలో మా బాబాయి కిరాణా దుకాణంలో నెల రోజులు గల్లాపెట్టె పక్కనే ఉన్నాను. ఉక్కు కర్మాగారం ఉద్యోగుల ఇళ్లకు నెలంతా అరువు, జీతం వచ్చాక లెక్క. అంతకుముందు నేను చేసిన యాప్ కార్డు నంబరు అడిగేది. దాన్ని ఎవరూ రెండోసారి తెరవలేదు. అరువు పద్దు చేర్చాకే ఆర్డర్లు వచ్చాయి. ఉబర్ కూడా ఈ పాఠం ఇక్కడే నేర్చుకుంది. ఓలా అప్పటికే నగదు తీసుకుంటుంటే, ఉబర్ 2015లో హైదరాబాదులో తొలిసారి నగదుకు ఒప్పుకుంది. చైనాలో టావోబావ్ అనే ఆన్‌లైన్ అంగడి సరుకు చేరేదాకా కొన్నవారి సొమ్మును అలీపే అనే చెల్లింపుల సేవలో నిలిపి ఉంచింది, అమ్మేవారి దగ్గర రుసుము తీసుకోలేదు. ముక్కూముఖం తెలియనివాడికి ముందే డబ్బు పంపాలంటే ఎవరికైనా భయమే కదా! ఆ భయం తీరింది. రుసుము వసూలు చేసిన అమెరికా ఆన్‌లైన్ అంగడి ఈబే 2006 చివర్లో అక్కడి సొంత సైటును వదులుకుంది.

చిరునామా గడి పెద్దదిగా పెట్టండి. మద్దిలపాలెంలో ఇంటి నంబరు చెబితే దొరకని ఇల్లు ‘రామాలయం వెనక, వేపచెట్టు ఎదురుగా’ అంటే దొరుకుతుంది. సరుకు తీసుకెళ్లే కుర్రాడు తన గుర్తులు రాసుకోవడానికి కూడా చోటివ్వండి.

మీ ఊరి క్యాలెండరు చూసి రుసుము పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలూ హార్బరు దగ్గర చేపల దుకాణాల నుంచి నేను రూపాయి తీసుకోను. వేట మళ్లీ మొదలైన వారంలోనే వాళ్లు తిరిగి వస్తారు.

పెట్టుబడి లేదని ఆగకండి. ఇండోనేషియాలో బైకు సవారీల సంస్థ గోజెక్ 2010లో 20 మంది బైకు డ్రైవర్లతో, ఒక కాల్ సెంటర్‌తో మొదలైంది. యాప్ 2015లో వచ్చింది. మీకూ ఫోను, నోటుపుస్తకం చాలు.

ఊరితో పనిలేని చోట మాత్రం పోటీకి దిగకండి. సందేశాలకు మనవాళ్లంతా వాట్సాప్‌కే అలవాటుపడ్డారు. మా దుకాణాలు ఇప్పటికీ ఆర్డర్లు అందులోనే తీసుకుంటాయి. వాటిని పద్దుకు ఎక్కించి, నెలాఖరుకు లెక్క తేల్చడం నా యాప్ పని.