ఇంట్లో కట్టిన డిస్టార్షన్ పెడల్ మొరాయిస్తే

ఇక్కడ చెప్పేది గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే పెడల్ గురించి: 741 ఐసీ (సిగ్నల్‌ను పెంచే చిప్), ఎదురెదురుగా పెట్టిన రెండు డయోడ్లతో పనిచేసేది. 1970లలో వచ్చిన ఎంఎక్స్ఆర్ కంపెనీ డిస్టార్షన్ ప్లస్ పెడల్ తరహా సర్క్యూట్ ఇది. ఏది చెడినా ముందుగా ఐసీ మార్చేయడం చాలామందికి అలవాటు. ఐసీ పాపం చాలాసార్లు నిర్దోషి. సోల్డరింగ్‌నీ జాక్ వైరింగ్‌నీ ముందు అనుమానించండి.

బైపాస్‌లో (పెడల్ ఆఫ్‌లో) మోగుతుంది, ఆన్ చేస్తే మూగబోతుంది

మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కు ఆనించి ఐసీ కాళ్ల దగ్గర వోల్టేజీ చూడండి. 7వ కాలికి 9, 4వ కాలికి 0, 6వ కాలికి దాదాపు 4.5 వోల్టులు ఉండాలి. 6వ కాలు అటు పైకో ఇటు కిందికో అతుక్కుపోతే బయాస్ (ఐసీకి కావలసిన సగం వోల్టేజీ) అందడం లేదు. బ్యాటరీ వోల్టేజీని సగం చేసే రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్ల దగ్గర సోల్డరింగ్ మళ్లీ చేయండి. 3వ కాలి దగ్గర 3.9 వోల్టులే చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. అంత ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్న చోట మీటరు కూడా కాస్త కరెంటు తాగి వోల్టేజీని కిందికి లాగుతుంది.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నా శబ్దం రాకపోతే, ఒక పాత గిటార్ కేబుల్ కొస కోసి లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించండి, పైఅల్లికను పెడల్ గ్రౌండ్‌కు కలపండి. రెండో కొస ఆంప్‌లోకి, వాల్యూమ్ బాగా తగ్గించి. పెడల్ ఇన్‌పుట్‌కు ఫోన్‌లో పాట పెట్టి, కెపాసిటర్ కాలితో ఇన్‌పుట్ నుంచి ఒక్కో చోటే తాకుతూ వెళ్లండి. పాట ఎక్కడ ఆగిపోతే తప్పు దానికి ముందే ఉంది. 6వ కాలి దగ్గర గట్టిగా వినిపించి డయోడ్ల దగ్గర మాయమైతే, మధ్యనున్న 10 కిలోఓమ్ రెసిస్టర్ ఊడి ఉండాలి, లేదా డయోడ్ల సిగ్నల్ వైపు కాళ్లు గ్రౌండ్‌కు తగులుతూ ఉండాలి.

హోరు

బ్యాటరీ పెడితే పోయిందా? అయితే తప్పు అడాప్టర్‌దే. సప్లై దారిలో 100 ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. బ్యాటరీతోనూ ఉంటే ప్లాస్టిక్ డబ్బా మానేసి లోహపు డబ్బాలో బిగించి, దాన్ని గ్రౌండ్‌కు కలపండి. ఇంట్లో మిగిలిన రౌటర్ అడాప్టర్ గుచ్చే ముందు ఒక్క మాట: పెడళ్లకు సాధారణంగా నడిమి పిన్ మైనస్, వాటికి చాలావరకు ప్లస్. తారుమారైతే ఐసీ పోతుంది.

గెయిన్ (సిగ్నల్‌ను పెంచే నాబ్) పెంచితే కీచుమంటుంది

ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. విడదీసి, ఇన్‌పుట్‌కు షీల్డెడ్ వైరు వాడండి.

శబ్దం పల్చగా, చెవి కోసేలా ఉంది

ఇది లోపం కాదు, ఆ డిజైన్ స్వభావమే. గెయిన్ పూర్తిగా పెట్టినప్పుడు 4.7 కిలోఓమ్ రెసిస్టర్, 47 నానోఫారడ్ కెపాసిటర్ కలిసి 720 హెర్ట్జ్ కంటే కింది స్వరాలను పలచన చేస్తాయి. 47 స్థానంలో 100 నానోఫారడ్ పెడితే ఆ హద్దు 340 దగ్గరకు దిగుతుంది, మోటు తీగలకు ఒళ్లు వస్తుంది. మరీ గరుకుగా ఉంటే డయోడ్ల పక్కనున్న 1 నానోఫారడ్‌ను 4.7 చేయండి.

బైపాస్ కంటే తక్కువ శబ్దంతో వినిపిస్తుంది

జెర్మేనియం డయోడ్లు 0.3 వోల్టుల దగ్గరే సిగ్నల్‌ను కోసేస్తాయి. 1ఎన్4148 సిలికాన్ డయోడ్లు దాదాపు 0.6 దాకా వదులుతాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో తెచ్చినా, ఆన్‌లైన్‌లో కొన్నా, జెర్మేనియం అని చెప్పినదాన్ని మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి చూడండి. 0.6 చూపిస్తే అది సిలికానే. నా ఓటు మాత్రం ఎర్ర ఎల్‌ఈడీలకు: 1.7 వోల్టుల దాకా ఆగుతాయి, మెల్లగా మీటితే శబ్దం శుభ్రంగా ఉంటుంది, గట్టిగా కొడితేనే చిరుగుతుంది.